అమ్మ కమోడ్ ఊగుతోంది

రెండు ఆదివారాలుగా ఇక్కడ ఏమీ పెట్టలేదు. "మేడమ్, గబ్బిలం మీద రెండో భాగం ఎప్పుడు?" అని ఇన్‌బాక్సులో అడుగుతున్న పిల్లలందరికీ కలిపి ఒకటే జవాబు. ఊళ్ళో ఉన్నాను. అమ్మ బాత్రూములో కమోడ్ బిగించే పనిలో ఉన్నాను. వేళాకోళం కాదు. జాషువా గారు ఇంకో వారం ఆగుతారు. ఈ వారం కమోడే.

మా అమ్మ ముప్పయ్యేళ్ళు ఒక పెద్దాసుపత్రిలో స్వీపర్‌గా చేసింది. కాంట్రాక్టు పని. కాంట్రాక్టర్లు మారేవాళ్ళు, యూనిఫాం చీర రంగు మారేది, పని మారేది కాదు. ఆడవాళ్ళ వార్డు లెట్రిన్లు అమ్మ వంతు. పొద్దున ఆరింటికల్లా యాసిడ్ సీసా, చీపురు, బకెట్. సాయంత్రం ఇంటికొచ్చి ఎంత తోముకున్నా చేతుల్లో ఫినాయిల్ వాసన పోయేది కాదు. ఆ చేత్తో కలిపిన అన్నం తినే నేను పెరిగాను. ఆ ముప్పయ్యేళ్ళలో ఎక్కువ కాలం మా ఇంట్లో లెట్రిన్ లేదు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎమ్మే చదివేదాకా తోచలేదు. చిన్నప్పుడు అందులో విడ్డూరం ఏమీ కనపడలేదు. కాలనీ ఆడవాళ్ళంతా తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి కాలవ కట్టకి వెళ్ళేవాళ్ళు. చేనుగట్ల మీదికి రాకుండా ఆసాములు ముళ్ళకంప కొట్టి వేసేవాళ్ళు. రోడ్డు మీంచి లైటు పడితే లేచి నిలబడాలి. బండి దాటిపోయాక మళ్ళీ కూచోవాలి. ఊళ్ళో మోటారు సైకిళ్ళు పెరిగేకొద్దీ మా అమ్మకి ఈ లేవడం కూచోవడం పెరిగింది. ఆవిడ మోకాళ్ళు ఊరికే అరగలేదు.

తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. 'మరుగుదొడ్డి' అనే మాట చూడండి. మరుగు ఒకటి, దొడ్డి ఒకటి. ఇంటి వెనక దొడ్డి ఉన్నవాళ్ళు పుట్టించుకున్న మాట అది. సెంటున్నర స్థలంలో, వెనక గోడ పక్కింటివాళ్ళదే అయిన మా కాలనీలో దొడ్డి ఎక్కడిది? మావాళ్ళు 'బయటికి' అంటారు. 'చెంబుచ్చుకుని' అంటారు. ఇంట్లో, పడకగదికి ఆరడుగుల దూరంలో లెట్రిన్ కట్టుకుని ఇన్నేళ్ళయినా, దాని తలుపు తీస్తూ అమ్మ ఇప్పటికీ "బయటికెళ్ళొస్తా" అనే అంటది.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. ఇంటికి 12,000 రూపాయలు. మా ఇంటి వంతు వచ్చేసరికి ఇంకో మూడేళ్ళు పట్టింది. కట్టింది మా బాబాయి. నాన్న తమ్ముడు, తాపీ మేస్త్రి. కాలనీలోవే కాదు, ఊళ్ళో పెద్దవీధిలో లెట్రిన్లు కూడా సగానికి పైగా ఆయన తాపీ పట్టి కట్టినవే. గృహప్రవేశం అయ్యాక వాటిలో ఒక్కదాని గడప కూడా ఆయన తొక్కింది లేదు. అడిగితే నవ్వుతాడు. "నాకెందుకమ్మడూ, ఆళ్ళ పైపు ఎటు పోతదో ఆళ్ళకంటే నాకే బాగా తెలుసు" అంటాడు.

అప్పుడు కట్టింది కింద కూచునే రకం. పోయిన వేసవిలో అమ్మ రెండు మోకాళ్ళూ చూసిన డాక్టరు, ఇక కింద కూచోవద్దని గట్టిగా చెప్పాడు. సరే, కమోడ్ కొన్నాను. ట్యాంకుతో కలిపి పదకొండు వేలు. నాకు కాలేజీలో సెలవు దొరకలేదు. బాబాయి ఏదో అపార్టుమెంటు సైటు మీద పక్క జిల్లాలో ఉన్నాడు. టౌన్ నుంచి ఒక ప్లంబర్‌ని ఫోన్లోనే మాట్లాడి పంపించాను. ఆయన వచ్చాడు, పాత పాన్ పగలగొట్టాడు, ఇంట్లో పడి ఉన్న మిగులు టైల్సు అతికించాడు, కమోడ్ నిలబెట్టాడు, చుట్టూ తెల్ల సిమెంటు పూశాడు, మధ్యాన్నం బస్సుకి వెళ్ళిపోయాడు. ఫొటో పంపితే నేను కాలేజీ స్టాఫ్ రూములో చూసి మురిసిపోయాను. ఫొటోలో కమోడ్ ఊగదు కదా.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు ఇంకో సంగతి గమనించాను. అమ్మ మంచినీళ్ళు తాగడం లేదు. అన్నం తిన్నాక రెండు గుక్కలు, అంతే. నా గ్లాసు నింపి, తన గ్లాసులో అడుగున పోసుకుంటోంది. మూడో రోజు చలిజ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. "నీళ్ళు బాగా తాగాలమ్మా" అని డాక్టరు చెబుతుంటే అమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి మళ్ళీ రెండు గుక్కలే.

గట్టిగా అడిగితే చెప్పింది.

"అది ఊగుతుందే. కూచుంటే ఎడమ పక్కకి టక్కుమంటది, లేస్తుంటే కుడి పక్కకి టక్కుమంటది. నా బరువుకి పగిలితే? పదకొండు వేలు పెట్టి కొన్నావు."

పడిపోతానని కాదు ఆవిడ భయం. పగులుతుందని. అందుకని వెళ్ళాల్సిన పనిని రోజుకి రెండుసార్లకి కుదించుకుంది. ఆ రెండుసార్లు కూడా గోడనున్న పంపు పట్టుకుని, సగం లేచి, సగం కూచుని. అరిగిన మోకాళ్ళ మీద.

"మరి నాకు ఫోన్లో చెప్పొచ్చు కదా?"

"నువ్వు క్లాసులో ఉంటావు. ఇదా చెప్పేది?"

నేను దళిత స్త్రీల కథల మీద పరిశోధన చేశాను. శరీరం, శ్రమ, ఆత్మగౌరవం అని మూడు అధ్యాయాలున్నాయి అందులో. మా అమ్మ నీళ్ళు తాగడం మానేసిన సంగతి నాకు నాలుగు నెలలు తెలియలేదు. దీని మీద ఇంతకంటే ఏమీ రాయను.

ప్లంబర్‌కి ఫోన్ చేశాను. రేపొస్తానన్నాడు. పదిరోజులు రేపొస్తాననే అన్నాడు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. అన్నిటినీ కులం ఖాతాలో రాస్తానని నా మీద కొందరికి ఫిర్యాదు ఉంది కాబట్టి, దీన్ని బద్ధకం ఖాతాలోనే రాస్తున్నాను. ఈలోగా బాబాయి సైటు నుంచి వచ్చాడు. ఇద్దరం మొదలుపెట్టాం.

అసలు రోగం ఎక్కడుందో మొదట చెప్పింది అమ్మే. నేనూ బాబాయీ ట్యాంకు వైపూ పైపు వైపూ చూస్తుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుని అంది. "వాసన గిన్నెలోంచి రావట్లా. గిన్నెలో నీళ్ళు నిలబడే ఉన్నాయిగా. కిందనుంచి వస్తోంది. ఊగి ఊగి కింద రబ్బరు వదిలేసి ఉంటది." ముప్పయ్యేళ్ళలో ఆవిడ ఎన్ని కడిగిందో లెక్కలేదు. ఏది కారుతోందో, ఏది కక్కుతోందో వాసన బట్టి చెప్పగలదు. ఎత్తి చూస్తే అచ్చం అంతే. పైపు మూతికి పట్టుకునే రబ్బరు ఒకపక్క నలిగి, దాని పక్కన సిమెంటు నల్లగా తడిసి ఉంది. కమోడ్ ఊగడం అంటే చప్పుడొక్కటే కాదు. ఊగిన ప్రతిసారీ ఆ కింద అతుకు కొంచెం కొంచెంగా విడిపోతుంది. పైకి కనపడకుండా మురుగు టైల్సు కిందికి దిగుతుంది.

ఎత్తడానికి ముందు చేయాల్సినవి ఉన్నాయి. గోడనున్న యాంగిల్ కాక్ కట్టేసి, ఫ్లష్ వదిలి ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలో మిగిలిన నీళ్ళు స్పాంజితో పిండి తీసేశాం. పాత తెల్ల సిమెంటుని సన్న ఉలితో చుట్టూ గీకాడు బాబాయి. సుత్తి ముట్టనీయలేదు. "పింగాణీ వంగదమ్మడూ, పగలడమే తెలుసు దానికి" అన్నాడు. లేపి పక్కన పెట్టగానే పైపు మూతిలో పాత లుంగీ ముక్క కుక్కాడు. గ్యాసు పైకి రాకుండా, మేకూ నట్టూ లోపల పడకుండా.

పాత పాన్ కింద వంపు పైపు ఒకటి ఉంటుంది, దుర్వాసన ఆపడానికి. కమోడ్‌కి ఆ వంపు దాని కడుపులోనే ఉంటుంది. రెండూ ఉంటే సరిగా దిగదు. ప్లంబర్ పాతది తీశాడా లేదా అని బాబాయి చెయ్యి పెట్టి చూశాడు. తీశాడు. ఆ మాత్రానికి ఆయనకి దణ్ణం పెట్టాం.

ఇక నేల. స్నానమూ అక్కడే కాబట్టి నేలని జాలీ వైపు వాలుగా కట్టి ఉంది. అది తప్పు కాదు, అలానే కట్టాలి. దానిమీద ప్లంబర్ అతికించిన టైల్సు మూడు రకాలు. బాబాయి సైట్లలో మిగిలినవి తెచ్చి ఇంట్లో దాచినవే. ఒకటి మందం, ఒకటి పల్చన, ఒకటి గరుకు. మా ఇంటి నేలంతా అంతే, ఏ గదిలో చూసినా ఊళ్ళో ఎవరో ఒకరి ఇంటి డిజైను కనపడుతుంది. స్పిరిట్ లెవెల్ పెడితే బుడగ ఒక చివరికి పరిగెత్తింది. కమోడ్‌ని ఉత్తగా నిలబెట్టి అటూ ఇటూ నొక్కి చూస్తే, కుడి ముందు మూలా ఎడమ వెనక మూలా ఒకదానికొకటి ఎదురు. కుడి ముందు టైలు అంచు లేచి ఉంది. ఎడమ వెనక కింద ఆరేడు మిల్లీమీటర్ల సందు. ఆ సందులో ప్లంబర్ ఒక టైలు పెంకూ దానిమీద మడిచిన అట్టముక్కా పెట్టి, పైన సిమెంటు పూశాడు. అట్ట నానింది, సిమెంటు పొడైంది, పెంకు మిగిలింది.

తర్వాత బాబాయి జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి టైల్సు మీద కొడుతూ పోయాడు. నిండుగా ఉన్నది టిక్కుమంటుంది. కింద మాలు లేనిది డొల్లగా మోగుతుంది. సరిగ్గా ఎడమ బోల్టు పడాల్సిన చోట టైలు డొల్ల. అక్కడ బెజ్జం వేస్తే పగులుతుంది, లేదా బోల్టు గాల్లో పట్టుకుంటుంది. ఆ ఒక్క టైలూ పీకి, కింద శుభ్రం చేసి, మాలు నిండా పెట్టి మళ్ళీ పరిచాం. లేచి ఉన్న కుడి టైలు అంచుని గ్రైండర్‌తో కాస్త అరగదీశాం. రెండురోజులు ఆరాలన్నాడు.

ఆ రెండురోజులు, ఆ తర్వాత సీలెంట్ ఆరడానికి ఇంకో రోజు. మొత్తం మూడు రోజులు అమ్మ పక్కింటికి వెళ్ళింది. వాళ్ళది కింద కూచునే రకం. చేతులు పట్టుకుని దించడానికి నేను, లేపడానికి పక్కింటి అక్క. ఆ గుమ్మం బయట నిలబడి ఉన్నప్పుడు నాకు హాస్టల్ గుర్తొచ్చింది. రెండొందలమంది ఆడపిల్లలకి నాలుగు లెట్రిన్లు, వాటిలో ఒకదానికి తలుపు లేదు. పరీక్షల రోజుల్లో రాత్రి నీళ్ళు తాగకుండా పడుకోవడం నేనూ అక్కడే నేర్చుకున్నాను. తల్లీకూతుళ్ళం ఒకే విద్య రెండు బళ్ళలో చదివాం.

ఆ ఆరే రోజుల్లో ఒక సాయంత్రం బాబాయి మాట్లాడుతూ, తను పాతికేళ్ళ వయసులో ఒకసారి ట్యాంకులోకి దిగిన సంగతి చెప్పాడు. కట్టడానికి పిలిచారు, నిండిందని దిగమన్నారు. ముందు కోడిగుడ్డు కుళ్ళిన వాసన వచ్చిందట. కాసేపటికి వాసన పోయిందట. "పోయిందిలే అనుకున్నా. తల తిరిగింది. పైనున్నోడు జుట్టు పట్టుకు లాగాడు." ఆ గ్యాసు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. ఎక్కువైనప్పుడు అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోవడం ప్రమాదం తప్పిపోయిందని కాదు, మీద పడిందని. బాబాయికి ఆ పేరు తెలియదు. కానీ మా కాలనీలో తను కట్టిన ప్రతి లెట్రిన్‌కీ రెండు గుంటలే తవ్వాడు. మధ్యలో చిన్న తొట్టి, వై ఆకారంలో రెండు దారులు. ఒకటి నిండితే దాని దారి మూసి రెండోదానికి వదులుతారు. నిండింది ఏడాదికి పైగా ఊరుకుంటే మట్టిలా మారుతుంది. పారతో ఎత్తి పొలంలో వేసుకోవచ్చు. ఎవడూ దిగక్కర్లేదు. పెద్దవీధిలో మాత్రం 'పెద్ద ట్యాంకు కట్టు మేస్త్రీ, ఇరవై ఏళ్ళు చూడక్కర్లేకుండా' అంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరు చూస్తారో వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

చట్టం ఉంది. 1993లో ఒకటి వచ్చింది. 2013లో ఇంకోటి వచ్చి, ఆ ఏడాది డిసెంబరు 6న, అంబేద్కర్ వర్ధంతి రోజున అమల్లోకి వచ్చింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ అంకెలు మా విద్యార్థులు నోటికి చెప్పాలి. మీరు లా చదవకపోయినా సరే. మీ వీధిలో ఎవరైనా ట్యాంకు మూత తీసి ఒక కుర్రాడిని తాడు కట్టి దించుతుంటే, అక్కడ పనికొచ్చేది మీ సిద్ధాంత వ్యాసం కాదు, ఈ అంకెలు.

మూడో రోజు పొద్దున బిగింపు. కమోడ్‌ని మళ్ళీ ఉత్తగా నిలబెట్టి, సందుల్లో చీలికలు దూర్చి, ఊగడం ఆగేదాకా సర్దాం. చెక్క చీలికలు పెడదామని నేనంటే బాబాయి ఒప్పుకోలేదు. "చెక్క నీళ్ళకి ఉబ్బిద్ది, తర్వాత కుళ్ళిద్ది. అట్ట సంగతి చూశావుగా." టైల్సు ఎత్తుపల్లాలు లేకుండా పరవడానికి సైట్లలో వాడే ఎర్ర ప్లాస్టిక్ చీలికలు ఆయన సంచిలో గుప్పెడు ఉన్నాయి. అవి సన్నగా మొదలై మందమవుతాయి కాబట్టి సందు ఎంతుంటే అంత లోపలికి దూరతాయి. ఎడమ వెనక రెండు, పక్కన ఒకటి. లెవెల్ అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి చూశాం. బుడగ మధ్యలోకి వచ్చింది. బరువు మోసేది ఆ చీలికలే. పైన పూసేది ఏదైనా మోయదు, మూస్తుందంతే. సందు అరంగుళం దాటి ఉంటే ఈ చీలికల వైద్యం పనిచెయ్యదనీ, నేలే మళ్ళీ పరుచుకోవాలనీ బాబాయి మాట.

చీలికలు ఎక్కడున్నాయో, బోల్టు బెజ్జాలు ఎక్కడ పడతాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టి కమోడ్ పక్కకి తీశాం. డ్రిల్లు నేను పట్టాను. టైలు మీద బిట్టు జారకుండా కాగితం టేపు అతికించి, దానిమీద గుర్తు. టైలు దాటేదాకా హ్యామర్ మోడ్ వేయకూడదు, మెల్లగా, టైల్స్ బిట్టుతోనే. చుక్క చుక్క నీళ్ళు పోస్తూ బాబాయి. టైలు దాటి సిమెంటు తగలగానే చప్పుడు మారుతుంది. అప్పుడు బిట్టు మార్చి హ్యామర్ వేసుకోవచ్చు. దుమ్ము ఊది, బెజ్జంలో కొంచెం సిలికాన్ పిండి, ప్లగ్గు దిగ్గొట్టాం. ఆ సిలికాన్ నీళ్ళు బెజ్జంలోంచి కిందికి దిగకుండా. కాలనీ పిల్లలు నలుగురు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఒకడు "మేడమ్ మేస్త్రీ" అన్నాడు. ఇంతవరకూ నాకు వచ్చిన బిరుదుల్లో ఇదే బాగుంది.

లుంగీ ముక్క తీసి, పైపు మూతికి కొత్త రబ్బరు వేసి, ఇద్దరం కమోడ్‌ని నిటారుగా పైనుంచి దించాం. తిప్పుతూ దించితే రబ్బరు మళ్ళీ నలుగుతుంది. బోల్టుల కింద నైలాన్ వాషర్లు. ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మళ్ళీ మొదటిది. నాకు గట్టిగా బిగించెయ్యాలని చేతులు లాగుతున్నాయి. బాబాయి స్పానర్ లాక్కున్నాడు. "బిగిసింది చాలు. ఇంకా తిప్పితే నీ పదకొండు వేలు రెండు ముక్కలు."

చుట్టూ మూయడం దగ్గర గొడవ. తాపీ మేస్త్రికి సిమెంటంటే ప్రేమ. తెల్ల సిమెంటే పూద్దామని ఆయన. సిలికాన్ అని నేను. సిమెంటు గట్టిపడితే కదలిక ఓర్చుకోదు, రేపు ఏదైనా రిపేరు వస్తే పగలగొట్టాలి, సిలికాన్ అయితే బ్లేడుతో కోసి తీయొచ్చు. ఆయన కాసేపు అలిగాడు. అమ్మ తీర్పు చెప్పింది. "అబ్బాయ్, ఆ సిమెంటు పీకింది ఇప్పుడే కదా. దాని మాట విను." చీలికల చివర్లు కోసేసి, ముందూ పక్కలా సిలికాన్ పెట్టాం. వెనకవైపు రెండంగుళాలు వదిలేశాం. లోపల ఎప్పుడైనా కారితే అక్కడనుంచి బయటికి వస్తుంది, తెలుస్తుంది. అంతా మూసేస్తే కిందే కుళ్ళుతుంది.

బాబాయికి ఇంకొక బెంగ మిగిలింది. మాది నల్లరేగడి. నీళ్ళు తొందరగా పీల్చదు. ఆ గుంటలు చెంబెడు నీళ్ళకి తవ్వినవి, ట్యాంకెడు ఫ్లష్‌కి కాదు. అందుకని చిన్న బటన్ మాత్రమే నొక్కమని అమ్మకి చెప్పాడు. అమ్మ అసలు బటన్ నొక్కడమే లేదు. మగ్గుతో పోస్తోంది.

ఇరవై నాలుగు గంటలు ఆగి, మర్నాడు మధ్యాన్నం అమ్మ లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది. నేనూ బాబాయీ వసారాలో మాట్లాడకుండా కూచున్నాం. చప్పుడు కోసం వింటున్నామని ఇద్దరికీ తెలుసు. టక్ అనలేదు. చాలాసేపటికి బయటికొచ్చి, "ఏంటి ఇద్దరూ అట్టా కూచున్నారు, ఎవరన్నా పోయారా?" అంది. రాత్రి అన్నం తిన్నాక గ్లాసు నిండా తాగింది. నేను చూస్తున్నానని చూసి, "చాల్లే, గుడ్లు తిప్పు" అంది.

నిన్న పొద్దున వెనక వీధి పెద్దమ్మ వచ్చి చూసి వెళ్ళింది. వాళ్ళదీ ఊగుతోందట, ఆరు నెలలనుంచి. ఎవరికీ చెప్పలేదట. ఆదివారం అక్కడ పని పెట్టుకున్నాం. స్పిరిట్ లెవెల్ బాబాయి దగ్గరుంది, ఎర్ర చీలికలు ఇంకో నాలుగున్నాయి, సిలికాన్ గొట్టం ఒకటి నేను టౌన్ నుంచి తీసుకెళ్ళాలి.